నిఘా, గోప్యత, మనుషుల అక్రమ రవాణా: దాతలు తెలుసుకోవలసిన పాఠం



సావనీరుకు చదువు గురించి రాయమని సొసైటీ పెద్దలు అడిగారు. పదో తరగతి ఫలితాలు, స్కాలర్‌షిప్పుల గురించి ఇతరులు రాస్తారు కాబట్టి, నేను బడిలో ఉండి నేర్చుకున్న ఒక వేరే పాఠాన్ని మీ ముందు పెడుతున్నాను. ఈ పాఠంలో ప్రభుత్వం చేయవలసినవి కొన్ని ఉన్నాయి, మనం చేయవలసినవి అంతకంటే ఎక్కువ ఉన్నాయి.

ఒక అనుభవం

కొన్నేళ్ళ క్రితం ఒక సంస్థ మా బడి పిల్లలకు ఆర్థిక సాయం అందించింది. సభ బాగా జరిగింది. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయిని వేదిక మీదికి పిలిచారు. ఆమె పేరు, వీధి పేరు, తండ్రి చనిపోయిన సంగతి, తల్లి బీడీలు చుట్టి ముగ్గురు ఆడపిల్లలను పోషిస్తున్న సంగతి, ఇంటి మీద ఉన్న అప్పు, అన్నీ మైకులో చదివారు. చదివింది నేనే. దాతల మనసు కరగాలన్నది నా ఉద్దేశం. ఆ ఫొటో, ఆ వివరాలు సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి.

నెల తిరగకముందే ఆ తల్లి బడికి వచ్చింది. వెంట పెద్ద కూతురు ఉంది. ఆ అమ్మాయి కూడా మా బడిలో చదివి ఎనిమిదిలో మానేసింది. వయసు 23. "మేడమ్, దీనికి ఏడేళ్ళు కలిపి స్టడీ సర్టిఫికెట్ రాసివ్వండి, మీకు పుణ్యముంటుంది" అని అడిగింది. ఎందుకని నెమ్మదిగా అడిగితే విషయం బయటపడింది. ఒక ఆవిడ ఇంటికి వచ్చిందట. కుటుంబం సంగతులన్నీ ముందే తెలిసినట్టు మాట్లాడిందట. కువైట్‌లో ఇంటిపని, టికెట్ ఖర్చు లేదు, అప్పు ఏడాదిలో తీరిపోతుంది, వయసు మాత్రం 30 దాటినట్టు కాగితం కావాలి అన్నదట. "మన గురించి అంతా తెలుసు మేడమ్ ఆమెకు. సభ పెట్టినవాళ్ళ తరఫు మనిషే అనుకున్నా" అన్నది ఆ తల్లి.

సర్టిఫికెట్ ఇవ్వలేదు. కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడాం. ఆ అమ్మాయి వెళ్ళలేదు. ఇప్పుడు కుట్టుపని చేసుకుంటోంది, అల్‌హందులిల్లాహ్. కానీ ఆ వచ్చిన ఆవిడ చేతికి ఆ ఇంటి కష్టాల జాబితా అందించింది నేనే అన్న బాధ నాకు ఇంకా పోలేదు. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

అక్రమ రవాణా అంటే ఏమిటి?

అక్రమ రవాణా అనగానే మనకు చీకట్లో పిల్లలను ఎత్తుకుపోయే దృశ్యం గుర్తొస్తుంది. నిజానికి చాలా కేసుల్లో ఎత్తుకుపోవడం ఉండదు. తెలిసినవాళ్ళు వస్తారు, మంచి మాటలు చెబుతారు, మనమే బట్టలు సర్ది బస్సెక్కిస్తాం.

2000 సంవత్సరంలో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందం ప్రకారం ఇందులో మూడు అంశాలు చూడాలి. మొదటిది పని: మనిషిని చేర్చుకోవడం, తరలించడం, దాచడం, అప్పగించడం. రెండోది పద్ధతి: బెదిరింపు, మోసం, ఆశ చూపడం, నిస్సహాయతను వాడుకోవడం. మూడోది ఉద్దేశం: వ్యభిచారం, వెట్టిచాకిరీ, బానిసత్వం వంటి దోపిడీ. బాధితులు పిల్లలైతే రెండో అంశాన్ని నిరూపించాల్సిన అవసరం కూడా లేదు.

మన రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల క్రయవిక్రయాన్ని, వెట్టిని నిషేధించింది. 24వ అధికరణం 14 ఏళ్ళలోపు పిల్లలను ఫ్యాక్టరీల్లో, ప్రమాదకర పనుల్లో పెట్టకూడదన్నది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ప్రకారం ఈ నేరానికి 7 నుంచి 10 ఏళ్ళ కఠిన శిక్ష, బాధితులు పిల్లలైతే కనీసం 10 ఏళ్ళు, యావజ్జీవం దాకా కూడా వేయవచ్చు. బాధితురాలు ఒప్పుకుంది కదా అన్న వాదన చెల్లదని చట్టం స్పష్టంగా చెబుతోంది. "వాళ్ళమ్మే పంపింది కదా" అనేవారికి ఇదే సమాధానం.

మన దగ్గర కనిపించే రూపాలు

కడప, రాయచోటి, రాజంపేట వైపు కువైట్ వెళ్ళని బంధువు లేని ఇల్లు తక్కువ. కువైట్ డబ్బుతో ఇళ్ళు లేచాయి, పిల్లలు చదువుకున్నారు. కాబట్టి గల్ఫ్ ప్రయాణమంతా అక్రమ రవాణా అనడం తప్పు. తేడా ఎక్కడుందో తెలుసుకోవాలి.

పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టుకు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. అలాంటి స్త్రీకి 30 ఏళ్ళు నిండకపోతే ఇంటిపనికి ఆ అనుమతి ఇవ్వరు. ప్రైవేటు ఏజెంటు ద్వారా కాకుండా ప్రభుత్వ సంస్థల ద్వారానే ఆమె నియామకం జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఇలాంటి సంస్థలు. ఈ నిబంధనను తప్పించుకోవడానికే వయసు దిద్దుతారు, లేదా విజిట్ వీసా మీద ఒక దేశంలో దింపి అక్కడి నుంచి వేరే దేశానికి దాటిస్తారు. అలా వెళ్ళిన ఆడమనిషి పేరు మన ప్రభుత్వ రికార్డుల్లో ఎక్కడా ఉండదు. కష్టం వస్తే ఎక్కడ వెతకాలో కూడా తెలియదు.

అక్కడ వీసా, అకామా రెండూ కఫీల్ చేతిలో ఉంటాయి. ఇల్లు వదిలితే పారిపోయిందని కేసు పెడతారు. కువైట్ 2015లో చేసిన 68వ నంబరు చట్టం ఇంటిపనివారికి రోజుకు 12 గంటలకు మించని పని, వారానికో సెలవు, ఏడాదికోసారి జీతంతో సెలవు ఇవ్వాలనీ, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదనీ చెప్పింది. ఈ సంగతి తెలియకుండానే మనవాళ్ళు విమానం ఎక్కుతున్నారు.

ఇంకో రూపం హైదరాబాద్ పాతబస్తీకి అపకీర్తి తెచ్చిన బూటకపు నికాహ్‌లు. 1991లో హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళ్ళే విమానంలో పదేళ్ళ పాప ఏడుస్తుంటే ఒక ఎయిర్ హోస్టెస్ పక్కన చేరి అడిగింది. పక్కన కూర్చున్న 60 ఏళ్ళ సౌదీ దేశస్థుడికి ఆ పాపను పెళ్ళి పేరుతో కట్టబెట్టారని తేలింది. దేశమంతా ఆ వార్త మారుమోగింది. పాప పేరు, ఫొటో ప్రతి పత్రికలో వచ్చాయి. ఆ పేరు నేను ఇక్కడ రాయను. 2017 సెప్టెంబర్‌లో కూడా హైదరాబాద్ పోలీసులు ఇలాంటి పెళ్ళిళ్ళ కేసులో ఒమన్, ఖతార్ దేశస్థులను, వారికి సాయపడిన ఖాజీలను అరెస్టు చేశారు. అంటే 26 ఏళ్ళ తర్వాత కూడా ఆ వ్యాపారం ఆగలేదు.

మూడో రూపం బాలకార్మికులు. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల తయారీ గదుల నుంచి పోలీసులు 200కు పైగా పిల్లలను విడిపించారు. వారిలో ఎక్కువమంది బిహార్ నుంచి తెచ్చిన పిల్లలు. మన పేటలో, మన కళ్ళముందు, మన పండుగకు మనం కొనే గాజులు వాళ్ళ చేతులతో తయారయ్యాయి. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ రాయక తప్పదు.

నిఘా పెడితే ఆగుతుందా?

ఇలాంటి వార్తలు చదివినప్పుడు "ప్రతి వీధిలో కెమెరా పెట్టాలి, అందరి ముఖాలు కంప్యూటర్‌లో ఎక్కించాలి" అని చాలామంది అంటారు. ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. 2015 నుంచి ప్రతి జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో తప్పిపోయిన పిల్లల కోసం వెతుకుతున్నారు. 2018లో తెలంగాణ పోలీసులు దర్పణ్ అనే యాప్ తెచ్చారు. హోముల్లో ఉన్న పిల్లల ముఖాలను, తప్పిపోయిన పిల్లల ఫొటోలతో అది పోల్చి చూస్తుంది. దానివల్ల తల్లిదండ్రుల దగ్గరికి చేరిన పిల్లలున్నారు. ఆ తల్లికి గోప్యత గురించి పాఠం చెప్పే హక్కు నాకు లేదు.

కానీ రెండో వైపు కూడా చూడాలి. 2018లో ఢిల్లీ పోలీసులు ముఖాలను గుర్తుపట్టే వ్యవస్థతో నాలుగు రోజుల్లో దాదాపు 3,000 మంది తప్పిపోయిన పిల్లలను గుర్తించారని వార్త వచ్చింది. అందరం సంతోషించాం. తర్వాత ఢిల్లీ హైకోర్టుకు అధికారులే చెప్పిన లెక్క వేరు. కచ్చితత్వం 2 శాతమే అని ఒకసారి, 2019లో 1 శాతం కూడా లేదని మరోసారి చెప్పారు. ఆడపిల్లకూ మగపిల్లవాడికీ తేడా కూడా అది పట్టలేకపోతోందన్నారు.

పైగా, పిల్లల కోసమని మొదలైన పరికరం పిల్లల దగ్గరే ఆగదు. 2021 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ పాతబస్తీలో ఒక సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపి, మాస్కు తీయమని ఫొటో తీసుకున్నారు. నేరమేమీ చేయని నా ఫొటో ఎందుకు, అది ఎక్కడికి పోతుంది అని ఆయన అడిగారు. సరైన జవాబు రాక తెలంగాణ హైకోర్టుకు వెళ్ళారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. ఆయన ప్రశ్న న్యాయమైనదే. సాయం చేయడానికి తీసుకున్న వివరం అనుమానించడానికి వాడితే, పేదవాళ్ళు పోలీస్ స్టేషన్‌కు వెళ్ళడం మానేస్తారు. కూతురు కనిపించకపోయినా ఫిర్యాదు చేయడానికి జంకుతారు. అప్పుడు లాభపడేది దళారి ఒక్కడే.

ఇంకో ప్రమాదం, పోగుచేసిన వివరాలు బయటికి కారిపోవడం. 2018లో మన ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షా 30 వేలకు పైగా లబ్ధిదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు వివరాలు, మతం, కులంతో సహా ఎవరైనా చూడగలిగేలా ఉండిపోయాయి. ఏ ఊళ్ళో ఏ ఇల్లు పేదదో ఇంటికి వెళ్ళకుండానే తెలిసిపోతే దళారి పని ఎంత సులువో ఆలోచించండి.

1991 విమానం సంగతి మళ్ళీ గుర్తు చేసుకోండి. అక్కడ ఆ పాపను కాపాడింది కెమెరా కాదు. ఏడుస్తున్న బిడ్డను చూసి, పక్కన చేరి, ఎందుకమ్మా అని అడిగిన ఒక మనిషి. కెమెరాలు ఉండనివ్వండి. కానీ పొరుగింటి బాధ్యతను కెమెరాకు అప్పగించి మనం తలుపు వేసుకోకూడదు.

గోప్యత పేదవాడికి కూడా హక్కే

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ప్రభుత్వం ఆ హక్కులో జోక్యం చేసుకోవాలంటే దానికి చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, అవసరానికి మించి ఉండకూడదు. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 18 ఏళ్ళలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలని అది చెబుతోంది. అయితే ప్రభుత్వం తన సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే వీలు కూడా అందులో ఉంది. పౌరులుగా మనం ప్రశ్నించవలసింది అక్కడ.

పిల్లల విషయంలో ఇంకా గట్టి నియమాలున్నాయి. బాల న్యాయ చట్టం 2015లోని 74వ సెక్షన్, పోక్సో చట్టం 23వ సెక్షన్ ప్రకారం బాధిత పిల్లల పేరు, ఫొటో, చిరునామా, బడి పేరు బయటపెట్టడం నేరం. "ఈ పాపను కాపాడారు, షేర్ చేయండి" అని వచ్చిన ఫొటోను మంచి మనసుతో పంపినా తప్పు తప్పే. ఆ పాప రేపు బడికి వెళ్ళాలి, ఎల్లుండి ఆమెకు పెళ్ళి సంబంధం రావాలి.

మన ధర్మం ఏమంటోంది?

దివ్యఖుర్ఆన్ హుజురాత్ సూరా 12వ వాక్యం అనుమానాలకు దూరంగా ఉండమని, ఒకరి గుట్టు ఒకరు తవ్వవద్దని ఆదేశిస్తోంది. నూర్ సూరా 27వ వాక్యం అనుమతి అడిగి, సలామ్ చెప్పి గానీ ఇతరుల ఇళ్ళలో అడుగుపెట్టవద్దంటోంది. హజ్రత్ ఉమర్ (రజి) గురించి గ్రంథాల్లో ఒక కథనం ఉంది. రాత్రి గస్తీలో ఒక ఇంట్లోంచి పాటలు వినబడితే ఆయన గోడ దూకి లోపలికి వెళ్ళి, తప్పు చేస్తున్న మనిషిని నిలదీశారు. ఆ మనిషి, "నేను ఒక తప్పు చేశాను, మీరు మూడు చేశారు: గుట్టు తవ్వారు, తలుపు గుండా రాలేదు, అనుమతి అడగలేదు" అన్నాడట. ఖలీఫా ఆ మాటకు కట్టుబడి వెనక్కి వెళ్ళిపోయారు. పాలకుడి నిఘాకు కూడా హద్దు ఉందని దీని భావం.

అదే ధర్మం అక్రమ రవాణాను ఎంత గట్టిగా ఖండించిందో కూడా చూడండి. స్వేచ్ఛగా ఉన్న మనిషిని అమ్మి ఆ సొమ్ము తిన్నవాడికి ప్రళయ దినాన తానే ప్రత్యర్థినని అల్లాహ్ చెప్పినట్టు బుఖారీ హదీసులో ఉంది. తౌబా సూరా 60వ వాక్యం జకాత్‌కు అర్హమైన ఎనిమిది పద్దుల్లో మెడలు విడిపించడాన్ని, అంటే బానిసత్వం నుంచి విముక్తిని, ఒకటిగా చేర్చింది. అప్పుల్లో చిక్కినవారి పద్దు కూడా అందులో ఉంది. వెట్టి నుంచి బయటపడిన కుటుంబానికి ఏ పద్దు కింద, ఎలా ఇవ్వవచ్చో ఉలమాలను అడిగి తెలుసుకుందాం.

ఇక దానం గురించి. బహిరంగంగా ఇచ్చినా మంచిదే, గుప్తంగా పేదలకు ఇస్తే మరింత మేలని బఖరా సూరా 271వ వాక్యం తెలుపుతోంది. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియనంత గుట్టుగా ఇచ్చేవారికి ఆ రోజున నీడ దొరుకుతుందని హదీసు. మనం మాత్రం చెక్కు ఇచ్చే చేతిని, తీసుకునే ముఖాన్ని కలిపి ఫొటో తీసి రంగుల్లో అచ్చు వేస్తున్నాం. దాత ముఖం వేసుకోవడానికి దాతకు అభ్యంతరం ఉండకపోవచ్చు. తీసుకునేవారిని ఎవరైనా అడిగామా? వద్దంటే సాయం ఆగిపోతుందేమోనని భయపడే మనిషి "సరే" అనడం అనుమతి కాదు.

మనం చేయగలిగినవి

సొసైటీ పెద్దల ముందు, దాతల ముందు వినయంగా ఈ సూచనలు పెడుతున్నాను.

1. సాయం పొందిన పిల్లల, వితంతువుల ముఖాలు కనిపించే ఫొటోలు సావనీరులో, వాట్సాప్‌లో వేయడం ఆపుదాం. లెక్క కావాలంటే ఎంతమందికి, ఎంత మొత్తం అన్నది వేయవచ్చు. పేర్లు ఆడిట్ పుస్తకంలో ఉంటే చాలు.

2. దరఖాస్తులో అవసరమైనవే అడుగుదాం. ఆధార్ తప్పదనుకుంటే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకుందాం. జిరాక్సులు తాళం వేసిన బీరువాలో ఉండాలి. పని అయ్యాక చించేయాలి, పాత కాగితాల అంగడికి చేరకూడదు.

3. విచారణకు ఇంటికి వెళ్ళే సభ్యులకు గుర్తింపు కార్డు ఇవ్వాలి. ఎవరు వస్తారో కుటుంబానికి ముందే చెప్పాలి. అప్పుడు మన పేరు చెప్పుకుని వేరెవరూ తలుపు తట్టలేరు.

4. గల్ఫ్ వెళ్ళేవారికి మసీదు దగ్గరో, బడిలోనో ఒక సలహా కేంద్రం పెడదాం. ఏజెంటుకు లైసెన్సు ఉందా అన్నది ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసి చెప్పవచ్చు. లైసెన్సు ఉన్న ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి సేవా రుసుము తీసుకోకూడదు. సబ్ ఏజెంట్లకు చట్టంలో చోటు లేదు. ఆజాద్ వీసా అన్న మాట వింటే జాగ్రత్తపడాలి.

5. ఖాజీలు, ఇమాములు నికాహ్‌కు ముందు వధువు వయసు కాగితం చూడాలి. వరుడు విదేశీయుడైతే తొందరపడకూడదు. అమ్మాయి ఇష్టాన్ని ఆమె నోటితోనే వినాలి.

6. ఉన్నట్టుండి బడి మానిన ఆడపిల్ల ఇంటికి వారం లోపల ఎవరో ఒకరు వెళ్ళాలి. ఈ బాధ్యత మా ఉపాధ్యాయులది. దానికి మీ అండ కావాలి.

ఈ నంబర్లు ప్రతి ఇంటి గోడ మీద ఉండాలి: పిల్లలకు 1098, స్త్రీలకు 181, అత్యవసరానికి 112, ఉచిత న్యాయ సహాయానికి 15100, సైబర్ మోసాలకు 1930. విదేశంలో చిక్కుకున్నవారి కోసం విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదుకు పాస్‌పోర్టు నంబరు, వీసా కాపీ, కఫీల్ ఫోను నంబరు కావాలి. అందుకే ప్రయాణానికి ముందే వాటి జిరాక్సులు ఇంట్లో పెట్టుకోవాలి.

ఇంట్లో మాట్లాడుకోవడానికి మూడు ప్రశ్నలు

పాఠం చివర ప్రశ్నలు ఇవ్వడం మా వృత్తి అలవాటు. పిల్లలతో కూర్చుని వీటి మీద మాట్లాడండి.

మన ఇంట్లో పనిచేసే పిల్ల వయసెంత? ఆమె జీతం, కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయి?

ఈ నెలలో మనం వాట్సాప్‌లో పంపిన ఫొటోల్లో అనుమతి లేని పేదవారి ముఖాలు ఎన్ని?

మన వీధిలో గత ఏడాది కువైట్ వెళ్ళిన ఆడమనిషి ఇప్పుడు ఎలా ఉందో ఎవరికైనా తెలుసా?

మూడో ప్రశ్నకు జవాబు తెలియకపోతే ఈ రోజే ఆ ఇంటికి వెళ్ళి అడగండి. సలామ్ చెప్పి, అనుమతి అడిగి లోపలికి వెళ్ళండి. విన్నది బయట చెప్పకండి. చేయగలిగింది చేయండి.

మన దానాలను అల్లాహ్ స్వీకరించుగాక. మన బిడ్డలను, ఇతరుల బిడ్డలను కాపాడుగాక. ఆమీన్.